కారు సెట్టుకు మైకు: వైరును నోటి దగ్గర నుంచి వెనక్కి లాగాలి

పోయిన ఎండాకాలం దేవరకొండ వైపు నుంచి అద్దె కారు నడుపుకునే ఒకాయన నల్లగొండలో మా దుకాణానికి వచ్చాడు. కారు పాతది. పాటలు వినిపించి, బ్లూటూత్‌తో ఫోను కూడా మాట్లాడించే సెట్టు మాత్రం కొత్తది. "పాటలు బ్రహ్మాండంగా వస్తున్నాయన్నా. ఫోనే పనికిరావడం లేదు. ఎవరితో మాట్లాడినా బావిలో నుంచి పలుకుతున్నట్టుంది అంటున్నారు. మా అమ్మాయైతే రెండో మాటకే పెట్టేస్తోంది" అన్నాడు. సెట్టే మార్చాలంటానేమోనన్న దిగులు ముఖంలో కనిపిస్తోంది. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆయన చివర చెప్పిన మాట. సెట్టులో సరిగా వినపడడం లేదు కాబట్టి ఈ మధ్య మళ్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకునే మాట్లాడుతున్నాడట, అదీ బండి నడుపుతూనే.

సెట్టును ముందుకు లాగి చూశాను. మన మాటను అవతలివాళ్లకు అందించే చిన్న మైకును సెట్టు చట్రం కిందే, ఏసీ గాలి వచ్చే జాలీ పక్కన అంటించారు. దానితో వచ్చిన మూడు మీటర్ల వైరులో వాడింది జానెడు. మిగిలిందంతా చుట్టగా చుట్టి, బ్యాటరీ నుంచి వచ్చే పసుపు తీగతో, తాళం తిప్పితే కరెంటు వచ్చే ఎర్ర తీగతో కలిపి ఒకే ట్యాగుతో, అంటే తీగలు కట్టే ప్లాస్టిక్ పట్టీతో, బిగించి వెనక్కి కుక్కేశారు. సెట్టు మంచిదే, మైకు మంచిదే. వైరుకు దారి వెతకడానికి ఎవరూ అరగంట కేటాయించలేదు, అంతే.

ఈ పని చేసేటప్పుడు చాలామంది సెట్టు దగ్గర మొదలుపెడతారు. పిన్ను సాకెట్లో గుచ్చి, వైరును ఎటు వీలైతే అటు లాగి, అది ఆగిన చోట మైకు అంటిస్తారు. నేను నేర్చుకున్నది దీనికి తలకిందులు. మైకు ఎక్కడ ఉండాలో నోటిని బట్టి ముందు తేల్చుకోవాలి. అక్కడి నుంచి సెట్టు దాకా వైరుకు దారి వెనక్కి వెతకాలి. మాట స్పష్టత మైకును నోటికి దగ్గరగా ఉండమంటుంది. ప్రాణభద్రత వైరును ఎయిర్‌బ్యాగులకూ పెడళ్లకూ దూరంగా ఉంచమంటుంది. కరెంటు గుణం దాన్ని మిగతా తీగల పక్కన పడుకోబెట్టవద్దంటుంది. ఈ మూడూ ఒకదానితో ఒకటి పేచీ పెట్టుకుంటాయి కాబట్టే చిన్నదిగా కనిపించే ఈ పని చిక్కుగా ఉంటుంది.

నోటికీ మైకుకూ మధ్య ఎంత

బయట గాలిలో శబ్దం ఒక లెక్క ప్రకారం తగ్గుతుంది. దూరం రెట్టింపయితే దాని ఒత్తిడి సగానికి పడిపోతుంది, అంటే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కారు మూసిన గది కాబట్టి లెక్క అచ్చంగా అలాగే ఉండదు గానీ, నోటి నుంచి నేరుగా వచ్చే మాటకు అది దాదాపుగా వర్తిస్తుంది. డ్రైవర్ నోటి నుంచి సెట్టు దాకా సుమారు 80 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఎండ పడకుండా దించుకునే సన్ వైజర్ దగ్గరకు 40 ఉంటుంది. మైకును సెట్టు మీద నుంచి వైజర్ దగ్గరకు మారిస్తే మాట బలం రెట్టింపయినట్టే. టైర్ల రొద, ఇంజిన్ హోరు, ఏసీ గాలి మాత్రం కారంతా ఇంచుమించు ఒకే తీరుగా పరుచుకొని ఉంటాయి. అవి పెరగకుండా మాట ఒక్కటే పెరుగుతుంది.

"మెనూలో మైకు సౌండు పెంచాను, అయినా లాభం లేదు" అని చాలామంది అంటారు. లాభం ఉండదు. మైకులో పడేది మాటా రొదా కలిసిన రాశి. మిర్యాలగూడ మిల్లుకు తాలు కలిసిన వడ్లు రెండు బస్తాలకు బదులు నాలుగు తెచ్చినంత మాత్రాన తాలు పాలు తగ్గదు గదా. సెట్టులో సౌండు పెంచడమూ అంతే, రెండూ కలిసే పెరుగుతాయి. తాలు తగ్గాలంటే తూర్పారబట్టాల్సింది కల్లంలోనే. ఇక్కడ కల్లం మైకు ఉన్న చోటు.

మరి నోటికి దగ్గరగా ఉండే చోట్లు ఏవి? స్టీరింగ్ కిందుండే గొట్టానికి వేసిన ప్లాస్టిక్ తొడుగు పైభాగం ఒకటి. అద్దానికీ తలుపుకూ మధ్య నిలువుగా ఉండే ముందు పిల్లర్ ఇంకొకటి. సన్ వైజర్ మొదలు దగ్గర కప్పు అంచు మూడోది. లోపలి అద్దం పైన కప్పు నడిమి భాగం నాలుగోది. కంపెనీ వాళ్లు తమ మైకును ఎక్కువగా ఈ నాలుగో చోటే, లోపలి దీపం దగ్గర పెడతారు.

స్టీరింగ్ తొడుగు మీద పెడితే వైరు పని పావుగంటలో అయిపోతుంది. పిల్లర్ విప్పనక్కరలేదు, కప్పు ముట్టుకోనక్కరలేదు. కానీ స్టీరింగ్ తిప్పేటప్పుడు చెయ్యి మైకుకు అడ్డం వస్తుంది, ఇండికేటర్ వేసిన ప్రతిసారీ టక్కుమన్న చప్పుడు అవతలివాళ్లకు వినిపిస్తుంది. పిల్లర్ మీద పెట్టేముందు ఒకటి చూడాలి. కొన్ని కార్లలో సన్నని శబ్దాల చిన్న స్పీకరు సరిగ్గా ఆ మూలనే ఉంటుంది. సెట్టు తాను స్పీకర్లకు పంపిన గొంతును మైకులో వచ్చినదాని నుంచి తీసివేసి, మిగిలిన మీ మాటను అవతలికి పంపుతుంది. స్పీకరు నోటి దగ్గరే మైకు ఉంటే ఆ తీసివేత కుదరదు. అవతలివాళ్లకు వాళ్ల మాటే తిరిగి వినిపిస్తుంది, లేదా మీ మాట ముక్కలుముక్కలుగా తెగుతుంది. నా మట్టుకు నాకు వైజర్ మొదలు దగ్గరి చోటే నచ్చుతుంది. గాలి జాలీలకు దూరం, నోటికి దగ్గర, చెయ్యి అడ్డం రాదు. అయితే అక్కడికి వైరు చేర్చడమే అసలు కష్టం.

కుడి దారి, ఎడమ దారి

ఫోనులో దొరికే వీడియోలు చూసి సొంతంగా పని మొదలుపెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటిలో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మన దగ్గర కుడివైపు. వాళ్లు 'డ్రైవర్ వైపు పిల్లర్' అని చూపించేది మన కారులో పక్క సీటు పిల్లర్. ఫ్యూజుల పెట్టె, బానెట్ మీట, పెడళ్లు అన్నీ తారుమారవుతాయి. వాళ్లు పక్క సీటు వైపుగా చూపిన దారిని గుడ్డిగా అనుసరిస్తే మన వైరు పెడళ్ల మీదుగా పోతుంది.

మన కార్లలో డ్రైవర్ వైపు దారి ఇలా ఉంటుంది. సెట్టు వెనక నుంచి కుడికి, స్టీరింగ్ గొట్టం కింద నుంచి, కుడి మూలన ఫ్యూజుల పెట్టె పక్కకు, అక్కడి నుంచి పిల్లర్ వెంట పైకి, కప్పు అంచున వైజర్ దగ్గరకు. దగ్గరి దారి ఇదే. కానీ స్టీరింగ్ గొట్టం కింద గడిచే ఆ రెండు జానల మేర వైరు సరిగ్గా క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ కాడల పైన ఉంటుంది.

ఒకసారి కోదాడ నుంచి వచ్చిన కారులో క్లచ్ కాడకు ఒక నల్ల వైరు తగులుకొని ఉండడం చూశాను. ఎవరో ఎప్పుడో ట్యాగు వేయకుండా వదిలేసిన మైకు వైరు కొద్దికొద్దిగా జారి కిందికి వేలాడింది. క్లచ్ తొక్కిన ప్రతిసారీ రాసుకొని రాసుకొని పై తొడుగు అరిగిపోయి లోపలి రాగి జల్లెడ మెరుస్తోంది. కారు యజమాని ఫిర్యాదు మాత్రం 'మాట్లాడుతుంటే మధ్యలో గరగర' అన్నదే. ఆ వైరు ఇంకో నాలుగు వేళ్లు పక్కకు జారి ఉంటే బ్రేకు కాడకు చుట్టుకునేది. విజయవాడ రహదారి మీద వంద వేగంలో వెళుతున్నప్పుడు కాలి కింద అలాంటిది ఉండడమన్న ఊహే నాకు వణుకు పుట్టిస్తుంది. అందుకే ఆ రెండు జానల మేర నాలుగు వేళ్లకొక ట్యాగు వేస్తాను. అది కదలని లోహపు పట్టీకో, కంపెనీ వేసిన తీగల కట్టకో వేయాలి. స్టీరింగ్ ఇరుసుకు గాని, ఎత్తు మార్చుకునే మీటకు గాని తగలకూడదు. స్టీరింగ్‌ను పూర్తిగా పైకీ కిందికీ వంచి, ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, మూడు పెడళ్లనూ అడుగుదాకా తొక్కి, టార్చి వేసి చూసిన తర్వాతే పైకి కదలాలి.

ఎడమ దారి కొంచెం పొడుగు. సెట్టు నుంచి పక్క సీటు ముందుండే సామాన్ల అర, అంటే గ్లవ్ బాక్స్ వెనక్కు, పక్క సీటు పిల్లర్ వెంట పైకి, ముందు అద్దం పై అంచు వెంబడి లోపలి అద్దం దాకా. గ్లవ్ బాక్స్ విప్పితే చెయ్యి సులువుగా పడుతుంది, పెడళ్ల భయం లేదు. అయితే పక్క సీటు ఎయిర్‌బ్యాగు గ్లవ్ బాక్సుకు పైన, డ్యాష్‌బోర్డు లోపల కూర్చొని ఉంటుంది. వైరును దాని కింది నుంచి, అడుగు పట్టీ వెంట తీసుకుపోవాలి గాని దాని మీదుగా వేయకూడదు. క్లచ్, బ్రేకుల మధ్య ఇరుకు ఎక్కువగా ఉండే చిన్న కార్లలో నేను ఎడమ దారినే ఎంచుకుంటాను. ముప్పావు మీటరు వైరు ఎక్కువ పడితే పడనివ్వండి.

రెంటిలో ఏదైనా సరే, వైరు తీయక ముందే ఒక సుతిలి దారం ఆ దారి వెంట పరిచి కొలవండి. డ్యాష్‌బోర్డు మలుపులన్నీ కలుపుకుంటే రెండున్నర మీటర్లు తేలిగ్గా పడుతుంది. సగం పని అయ్యాక వైరు చాలలేదని తేలితే, అతుకు వేయాలన్న ఆశ పుడుతుంది. మైకు వైరుకు అతుకు మంచిది కాదు. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

పిల్లర్ లోపల ఏముంది

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవమంటాను.

మన దేశంలో 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. 2021 చివరికల్లా ముందు పక్క సీటుకూ తప్పనిసరి చేశారు. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండి తీరాలన్న ప్రతిపాదన చట్టంగా మారకపోయినా, ఇటీవల చిన్న కార్లు కూడా ఆరింటితో వస్తున్నాయి. ఆ ఆరులో రెండు ముందు, రెండు సీట్ల పక్కన ఉంటాయి. మిగిలిన రెండు తెర ఎయిర్‌బ్యాగులు, కారుకు ఒక్కో పక్కన ఒకటి. ఈ తెర మడతపెట్టిన చీరలా కప్పు అంచు పొడవునా పడుకొని ఉంటుంది. దాని ముందు కొస, లేదా దాన్ని పట్టి ఉంచే పట్టీ, ముందు పిల్లర్ తొడుగు లోపలికి దిగి ఉంటుంది. పక్క నుంచి గుద్దుకున్నప్పుడు అది కప్పు అంచును తోసుకొని కిందికి దిగి తలకూ కిటికీకీ మధ్య అడ్డుతెర అవుతుంది. ముందు ఎయిర్‌బ్యాగు పూర్తిగా ఉబ్బడానికి సుమారు 0.03 సెకను పడుతుంది. పక్క తలుపుకూ తలకూ మధ్య జాగా తక్కువ కాబట్టి తెర ఇంకా త్వరగా తెరుచుకోవాలి.

ఆ దారిలో మన మైకు వైరు ఉంటే రెండు ప్రమాదాలు. తెర సాఫీగా విచ్చుకోకుండా వైరు ఒక చోట పట్టి ఉంచవచ్చు. లేదా ఆ విసురుకు వైరు, మైకు, తొడుగు ముక్క మనిషి ముఖం మీదికి ఎగిరి రావచ్చు.

గత ఏడాది ఒక కొత్త కారు పిల్లర్ తొడుగు తీశాను. తొడుగు మీద ఎయిర్‌బ్యాగు అన్న అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చువేసి ఉన్నాయి. అంతకుముందు సెట్టు వేసినవారు ఆ అక్షరాలను వేలితో తాకే తొడుగు తీసి ఉంటారు. లోపల బూడిదరంగు గుడ్డ గొట్టంలా మడత పడుకొని ఉంది. దాని మీదుగా, క్యాబిన్ వైపున, మైకు వైరు పోతోంది. మూడు చోట్ల తెల్ల ట్యాగులు వేసి ఉన్నాయి. ఆ ట్యాగులు వైరును పట్టుకున్నది లోహానికి కాదు, ఎయిర్‌బ్యాగు గుడ్డకే. ఉబ్బి తెరుచుకోవాల్సిన దాన్ని మూడు చోట్ల కట్టిపడేశారు. ఆ కారులో వెనక సీట్లో చిన్నపిల్లల కుర్చీ ఉంది. ట్యాగులు కత్తిరించేటప్పుడు చెయ్యి చాలా నెమ్మదిగా కదిలింది.

కాబట్టి తెర ఎయిర్‌బ్యాగు ఉన్న కారులో వైరు గుడ్డకు వెనక, లోహపు శరీరం వైపున పోవాలి. అక్కడ కంపెనీ వేసిన తీగల కట్ట ఒకటి ముందే ఉంటుంది. దాని పక్కనే, దాన్నే ఆసరా చేసుకొని వెళ్లాలి. తెరకు గాని, దాని పట్టీకి గాని ట్యాగు తగలకూడదు. తొడుగు తిరిగి పెట్టేటప్పుడు దాని క్లిప్పులు చూడండి. కొన్ని కార్లలో అవి ఒక్కసారి తీస్తే మళ్లీ పనికిరానివి. తెర తెరుచుకునేటప్పుడు తొడుగు ఎగిరిపోకుండా పట్టుకునేవి అవే. విరిగిన క్లిప్పుకు బదులు జిగురు పెట్టడం ఎంతమాత్రం తగదు.

'అయితే తొడుగు తీయకుండా తలుపు రబ్బరు బీడింగ్ కింద దూర్చేస్తే సరిపోదా' అని అడుగుతారు. తెర ఎయిర్‌బ్యాగు లేని పాత కార్లలో అది సరైన పద్ధతే, శుభ్రంగా కూడా ఉంటుంది. తెర ఉన్న కార్లలో అది దిగేది సరిగ్గా ఆ బీడింగ్ పక్కన కప్పు అంచు తెరుచుకొనే. అక్కడ వైరు దూర్చడమంటే తలుపు సందులో గొళ్లెం పెట్టినట్టు.

పిల్లర్ దగ్గర పనికి ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. ఎయిర్‌బ్యాగు పెట్టెలో కొంత కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి వెంటనే చెయ్యి పెట్టకూడదు. కొన్ని కంపెనీల పుస్తకాలు కనీసం 90 సెకన్లు ఆగమంటాయి, కొన్ని ఇంకా ఎక్కువ చెబుతాయి. నేను టీ తాగి వస్తాను, పది నిమిషాలు గడిచిపోతాయి. పసుపు రంగు కనెక్టరు ఏది కనిపించినా అది ఎయిర్‌బ్యాగుదే అనుకుని ముట్టుకోకుండా వదిలేయాలి. దాన్ని ఊడదీసి ఉండగా తాళం తిప్పితే హెచ్చరిక దీపం వెలిగి, కంపెనీ షెడ్డుకు పోతే తప్ప ఆరకపోవచ్చు. ఇవేవీ చేసిన అలవాటు లేనివారికి నా సలహా ఒకటే. మీ కారుకు తెర ఎయిర్‌బ్యాగు ఉంటే పిల్లర్ జోలికి పోకండి. మైకును స్టీరింగ్ తొడుగు మీదే పెట్టుకోండి. ఇండికేటర్ టక్కుమన్నా పరవాలేదు.

గీ మన్న శబ్దం ఎక్కడి నుంచి వస్తుంది

మైకు నుంచి వచ్చే కరెంటు మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాని పక్కన సెట్టు వెనక ఉండే తీగలన్నీ ఏనుగులే. బ్యాటరీ తీగ 12 వోల్టులు, స్పీకరు తీగలు కొన్ని వోల్టులు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ వల్ల ఆ 12 వోల్టుల మీద సన్నని అలలు లేస్తాయి. యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ గీ మంటూ పైకెక్కే శబ్దం అవతలివాళ్లకు వినిపిస్తోందంటే కారణం అదే. ఏసీ బ్లోయరు మోటారుది ఇంకో రకం గొణుగుడు. చవక ఛార్జర్లది మరొకటి.

తాకకుండానే ఆ శబ్దం మైకు వైరులోకి ఎలా దిగుతుంది? సాగర్ ఎడమ కాలువ పక్కన పొలం ఉన్నవాళ్లకు ఊట సంగతి తెలుసు. కాలువను పొడవునా ఆనుకొని ఉన్న మడి జవుకెక్కిపోతుంది. కాలువను అడ్డంగా దాటే బాటకు ఆ బాధ ఉండదు. తీగలూ అంతే. పక్కపక్కన ఎంత పొడవు పడుకుంటే అంత ఊట. అడ్డంగా, లంబకోణంలో దాటిపోతే దాదాపు ఏమీ రాదు. మైకు వైరు లోపల సన్నని తీగ చుట్టూ జల్లెడ అల్లిక ఉండేది ఈ ఊటను ఆపడానికే. అతుకు వేస్తే ఆ అల్లిక అక్కడ తెగిపోయి, గట్టుకు గండి పడినట్టవుతుంది. మరీ చాలకపోతే పిన్నూ సాకెట్టూ ఉన్న పొడిగింపు వైరు కొనండి.

మిగిలిపోయిన వైరును ఏం చేయాలన్నది ఇక్కడే తేలుతుంది. దేవరకొండ ఆయన కారులో జరిగింది గుర్తుంది కదా. చుట్ట చుట్టి కరెంటు తీగలతో కట్టడమంటే ఊట దగ్గర రెండున్నర మీటర్ల వైరును కావాలని పరచడమే. మిగులును వెడల్పు మడతలుగా మడిచి, గుడ్డ టేపు చుట్టి, సెట్టు నుంచి దూరంగా గ్లవ్ బాక్స్ వెనకనో, ఫ్యూజుల పెట్టెకు ఎదురు మూలనో కట్టాలి. సెట్టు వెనక లోహపు రెక్కలు వేడెక్కుతాయి, వాటికి ఆనించకూడదు.

గుడ్డ టేపు అన్నాను, అది ఊరికే కాదు. మన నల్లగొండ ఎండ సంగతి చెప్పనక్కరలేదు. మే నెలలో బయటే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అద్దాలు ఎత్తి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేము. కరెంటు పనివాళ్లు వాడే నల్ల ప్లాస్టిక్ టేపు ఒక్క ఎండాకాలానికే జిగురు కక్కుతుంది. చుట్టూ జిడ్డయి, టేపు ఊడి, వైరు వేలాడుతుంది. కార్ల కంపెనీలు తమ తీగలకు గుడ్డ టేపు వాడేది అందుకే. మైకు వెనక ఉండే రెండు వైపుల టేపును కూడా నేను నమ్మను. వైజర్ స్క్రూ కిందకో, అంచుకో పట్టుకునే క్లిప్పు ఉంటే దానితోనే బిగిస్తాను. టేపే దిక్కయితే, ఆ చోటును స్పిరిట్‌తో తుడిచి అంటించాలి. పాలమూరు వైపు చెలక నేలల ఎర్ర దుమ్ము లోపల ప్రతిచోటా సన్నని పొరగా పేరుకుంటుంది, దాని మీద ఏ టేపూ నిలవదు. మైకు మూతికి ఉన్న స్పాంజి తొడుగు ఆ దుమ్మును ఆపడానికే, దాన్ని తీసేయకండి. గాలి కొట్టే బుస్సుమన్న శబ్దాన్ని ఆపేదీ అదే.

పిన్ను, మెనూ, కొన్ని చిన్న సంగతులు

చాలా సెట్ల వెనక ఒకే కొలతలో రెండు సాకెట్లు ఉంటాయి. ఒకటి పాటల కోసం, ఇంకొకటి మైకు కోసం. మైకు లోపలి చిన్న భాగానికి సెట్టే కొద్దిపాటి కరెంటు పంపుతుంది. పాటల సాకెట్లో ఆ కరెంటు ఉండదు కాబట్టి అందులో గుచ్చితే మైకు మూగబోతుంది. పిన్ను సగమే దిగినా అంతే. మరికొన్ని సెట్లలో ముందు పలకలోనే ఒక మైకు ఉంటుంది. బయటి మైకు పెట్టినా మెనూలోకి వెళ్లి మార్చేదాకా అది పాత మైకునే వాడుతూ ఉంటుంది. వైరు అంతా తిరిగి విప్పే ముందు ఇది చూసుకోండి.

బాగా అమర్చినా ఫోను మాట పాటంత శుభ్రంగా ఎందుకు ఉండదని కూడా అడుగుతారు. బ్లూటూత్ పాటలకు ఒక దారి, ఫోను మాటలకు వేరే దారి వాడుతుంది. పాత పద్ధతిలో మాటను సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుస్తారు, కొత్త పద్ధతిలో 16,000 సార్లు. పాతదానిలో స, ష, ఫ వంటి ఊదుడు శబ్దాల పై భాగమంతా కత్తిరించుకుపోతుంది. సెట్టూ ఫోనూ రెండూ కొత్త పద్ధతి తెలిసినవైతేనే ఆ తేడా తెలుస్తుంది. మైకు ఎంత దగ్గర పెట్టినా ఈ ఒక్కటీ మన చేతిలో లేదు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ చేతిలో ఫోను పట్టుకొని బండి నడపడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చింది. 2020 అక్టోబరు నుంచి అమలైన నియమాలు దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడుకోనిచ్చాయి. మైకు పెట్టించుకున్నవాళ్లు ఇక గంటలకొద్దీ మాట్లాడవచ్చని అనుకోవద్దని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. చేతులు ఖాళీ అయినా మనసు ఖాళీ కాదు. బేరం మాట్లాడాల్సి వస్తే నార్కట్‌పల్లిలోనో జడ్చర్లలోనో పక్కకు ఆపుకోండి.

పని అయ్యాక దుకాణం ముందు నిలబెట్టి 'హలో, వినపడుతోందా' అంటే పరీక్ష అయినట్టు కాదు. ఇంజిన్ ఆపి ఉన్న కారులో ఏ మైకైనా వినిపిస్తుంది. ఏసీ పూర్తిగా పెంచి, రోడ్డు మీద ఎనభై వేగానికి వెళ్లి మాట్లాడి చూడాలి. డ్రైవర్ బండి నడిపితే, ఫోను సంగతి పక్క సీట్లోవాళ్లు చూసుకోవాలి. అవతలి మనిషికి అంకెలు చదివి వినిపించండి, తిరిగి చెప్పమనండి. మామూలు మాటల్లో సగం వినకపోయినా మనసు పూరించుకుంటుంది, అంకెల్లో ఆ వీలుండదు. తర్వాత ఏసీ ఆపి, ఆ తర్వాత యాక్సిలరేటర్ ఎక్కువ తక్కువ చేసి, గీ మన్న శబ్దం వస్తోందేమో అడగండి. ఏసీతో వస్తే మైకు చోటు తప్పు. యాక్సిలరేటర్‌తో వస్తే వైరు దారి తప్పు.

దేవరకొండ ఆయన కారుకు తెర ఎయిర్‌బ్యాగు లేదు. ఎడమ దారిన వైరు తీసి, బీడింగ్ కింద నుంచి పైకెక్కించి, ముందు అద్దం పై అంచు వెంబడి వైజర్ల మధ్యకు తెచ్చాను. గంటన్నర పట్టింది. పానగల్లు దాకా వెళ్లొచ్చాం. నేను నడిపాను, ఆయన వాళ్లమ్మాయికి ఫోను చేసి పది అంకెలు చదివాడు. ఆ పిల్ల పదీ తిరిగి చెప్పి, 'నాన్నా, ఇదేం పరీక్ష' అని నవ్వింది.

సెట్టు మూసే ముందు నేను చేసే ఆఖరి పని ఒకటుంది. మైకు పిన్నుకు జానెడు దూరంలో తెల్ల టేపు ముక్క చుట్టి, దాని మీద 'మైకు' అని రాసి, వైరు ఏ పక్క నుంచి పైకెళ్లిందో ఒక బాణం గుర్తు గీస్తాను. ఆ సెట్టును రేపు ఇంకొకరు విప్పుతారు.